అటక మీది పాత కంప్యూటర్‌ని మళ్లీ నడిపించడం ఎలా: స్విచ్ వేసే ముందు పనుల నుంచి మొదటి ప్రోగ్రామ్ దాకా

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి కొంతకాలంగా ఒకే ప్రశ్న వస్తోంది. "గురువుగారూ, నాన్నగారి క్వార్టర్స్ ఖాళీ చేస్తుంటే అటక మీద చిన్నప్పటి కంప్యూటర్ దొరికింది. అడాప్టర్ పెట్టి స్విచ్ వేసి చూడనా?"

వెయ్యకండి. ముందు ఇది చదవండి.

ఇలాంటి మెషీన్లు అటక మీద ఉండగా చెడిపోవడం తక్కువ. దించిన రోజు ఆత్రంగా కరెంటు ఇచ్చిన మొదటి నిమిషంలోనే ఎక్కువ పోతాయి. అందుకే కింద చెప్పిన వరుస తప్పకండి. ఒక మెట్టు సరిగ్గా వచ్చాకే తర్వాతి దానికి వెళ్లండి.

## 1. మీ దగ్గరున్నది ఏ మెషీన్?

మన వైపు ఇళ్లలో బయటపడేవాటిలో ఎక్కువ సింక్లెయిర్ జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ రకాలే. రబ్బరు కీలతో చిన్న నల్ల డబ్బాలా ఉంటే అది 1982 నాటి మోడల్. గట్టి ప్లాస్టిక్ కీలు, ఎడమ పక్కన రీసెట్ బటన్ ఉంటే స్పెక్ట్రమ్ ప్లస్. మన దేశంలో డెసిబెల్స్ కంపెనీ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మినవీ ఆ కుటుంబంవే.

స్కూలు సామాను వేలంలో కొన్నదైతే బీబీసీ మైక్రో కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన క్లాస్ పథకంలో స్కూళ్లకు వచ్చినవి ఇవే. విదేశం నుంచి ఎవరో తెచ్చి ఇచ్చినదైతే కమొడోర్ 64 అయ్యుండొచ్చు.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం స్పెక్ట్రమ్ గురించే. మిగతా రెండింటికీ వేరుగా ఉన్నచోట చెబుతాను.

## 2. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- డిజిటల్ మల్టీమీటర్. చవకది చాలు, కంటిన్యూటీ బీప్ (రెండు చోట్లు కలిసి ఉంటే మోగేది) మాత్రం ఉండాలి.
- స్టార్ స్క్రూడ్రైవర్లు, మెత్తని పెయింట్ బ్రష్, తెల్ల రబ్బరు (పిల్లలు పెన్సిల్ గీత చెరిపేది).
- ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం. మొబైల్ రిపేరు షాపులో అడిగితే దొరుకుతుంది. మెడికల్ షాపులో ఇచ్చే స్పిరిట్ వద్దు, అందులో వేరేవి కలుస్తాయి.
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న సోల్డర్ తీగ, డీసోల్డరింగ్ వైర్.
- కాగితం, సెల్లోటేప్, ఫోన్ కెమెరా.
- వీలైతే సీరీస్ బోర్డు.

సీరీస్ బోర్డు అంటే ప్లగ్గుకీ మెషీన్‌కీ మధ్య 60 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు వచ్చేలా బిగించిన బోర్డు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. పాత టీవీ మెకానిక్ ఎవరి దగ్గరైనా ఇది ఉంటుంది, తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా ఆ పేరే చెప్తే చాలు. అసలు ఈ పని మొదలుపెట్టే ముందు అలాంటి పెద్దాయన ఒకరితో పరిచయం పెట్టుకోండి. రేడియో, బ్లాక్ అండ్ వైట్ టీవీ బాగుచేసిన చేతికి ఈ బోర్డులు అర్థమైనంతగా కొత్త కుర్రాళ్లకి అర్థం కావు.

విడిభాగాలు రాయగడలో దొరకకపోతే విజయనగరం, విశాఖ. అక్కడా లేకపోతే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ. అరుదైన చిప్పులకు ఆన్‌లైనే దిక్కు.

## 3. మూత తీసి చూడటం

కింద ఉన్న స్క్రూలు ఒక్కో చోట ఒక్కో పొడవుంటాయి. కాగితం మీద మెషీన్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అతికించండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పై మూతకి చిల్లు పడుతుంది.

స్పెక్ట్రమ్ పై మూత ఒక్కసారిగా లాగకండి. కీబోర్డు నుంచి బోర్డుకు రెండు పల్చని ప్లాస్టిక్ రిబ్బన్లు ఉంటాయి, ఒకటి అయిదు గీతలది, ఒకటి ఎనిమిది గీతలది. ఇన్నేళ్లకి అవి ఎండుటాకులా పెళుసెక్కి ఉంటాయి. మూత అంగుళం లేపి, రిబ్బన్‌ని సాకెట్ దగ్గర పట్టుకుని నిటారుగా పైకి తియ్యండి. వంచితే అక్కడే విరుగుతుంది.

లోపల ఏం చూడాలంటే:

- బల్లి గుడ్లు, చీమల పుట్ట మట్టి, బొద్దింక పెంట. మన వైపు ఇవి లేని మెషీన్ అరుదు. బ్రష్‌తో దులపండి, నోటితో ఊదకండి.
- చిప్పుల కాళ్ల మీద పచ్చటి చిలుము. ఐపీఏతో బ్రష్ చేస్తే పోతుంది. కాలు విరిగేంత తిన్నదా అన్నది చూడండి.
- గుండ్రటి కెపాసిటర్ల అడుగున జిగురు, పొంగిన తల.
- సాకెట్‌లో కూర్చున్న చిప్పులు. బొటనవేలితో మెల్లిగా అదమండి. వేడికి, చలికి అవి ఏళ్ల తరబడి పైకి జరుగుతాయి.

వెనక బయటికి కనిపించే రాగి పళ్లను తెల్ల రబ్బరుతో రుద్ది, ఐపీఏతో తుడవండి. తడి పూర్తిగా ఆరాలి. వానాకాలమైతే ఒక రాత్రి ఫ్యాను కింద వదిలేయండి.

ప్రతి దశలోనూ ఫోటో తీయండి. ముఖ్యంగా కెపాసిటర్ల ప్లస్, మైనస్ వైపులు.

## 4. అడాప్టర్‌ని విడిగా పరీక్షించాలి

ఈ మెట్టులో తొందరపడితే మిగతావి చదవనక్కర్లేదు.

అడాప్టర్ మాత్రమే సీరీస్ బోర్డుకు పెట్టండి, మెషీన్‌కి కలపకండి. బల్బు వెలగకపోయినా, ఒక్కసారి మెరిసి ఆగిపోయినా సరే, ముందుకు వెళ్లండి. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, ఆ అడాప్టర్ పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మీటర్ పెట్టండి. స్పెక్ట్రమ్ అడాప్టర్ మీద 9 వోల్టులు అని ఉంటుంది, మీటర్‌లో మాత్రం 12 నుంచి 14 దాకా చూపిస్తుంది. కంగారుపడకండి. అది రెగ్యులేట్ చేయనిది, లోడు లేనప్పుడు అంతే చూపిస్తుంది.

అసలు సంగతి ప్లగ్గులో ఉంది. స్పెక్ట్రమ్ పిన్నులో లోపలి రంధ్రం మైనస్, బయటి గొట్టం ప్లస్. ఈ రోజుల్లో ఇంట్లో ఉండే అడాప్టర్లన్నీ దాదాపు దీనికి తలకిందులు. వైఫై రౌటర్‌ది సరిగ్గా దూరుతుంది, 9 వోల్టులే ఉండొచ్చు. పెట్టారంటే బోర్డు మీద ట్రాన్సిస్టర్ పోతుంది, దాంతోపాటు మెమరీ చిప్పులూ పోవచ్చు. నాకు వచ్చే చావు కబుర్లలో సగం ఈ రౌటర్ అడాప్టర్ వల్లే.

కొత్తది కొనాలంటే: 9 వోల్టుల డీసీ, కనీసం 1.5 ఆంపియర్లు, 2.1 మిల్లీమీటర్ల పిన్ను. వైరు మధ్యలో కోసి రెండు తీగలూ అటూ ఇటూ మార్చి కలపండి, మీటర్‌తో చూసుకోండి. దాని మీద "స్పెక్ట్రమ్ మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసి అతికించండి, ఇంట్లో ఇంకెవరూ వాడకుండా.

బీబీసీ మైక్రో ఉన్నవాళ్లకు: పవర్ సప్లై డబ్బాలో మెయిన్స్ (గోడ కరెంటు) దగ్గర రిఫా అని రాసి ఉన్న పసుపుపచ్చ పారదర్శక కెపాసిటర్లు ఉంటాయి. వాటి మీద సన్నని పగుళ్లు కనిపిస్తాయి. కరెంటు ఇచ్చిన కొద్ది నిమిషాల్లో పేలి, ఇల్లంతా కంపు పొగ నింపుతాయి. బాగానే కనిపించినా తీసేసి, అదే విలువ గల ఎక్స్2 రకం 275 వోల్టుల ఏసీ కెపాసిటర్లు వెయ్యండి. ఇది మెయిన్స్ పని. ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్లో కరెంటు దిగాక చేయాలి. అలవాటు లేనివాళ్లు మెకానిక్‌కే వదలాలి.

కమొడోర్ 64 ఉన్నవాళ్లకు: ఆ ఇటుకలాంటి అడాప్టర్ లోపల గట్టి మైనం లాంటి పదార్థంతో నింపి ఉంటుంది, రిపేరుకు లొంగదు. పాడైనప్పుడు 5 వోల్టుల లైను తగ్గడానికి బదులు పెరుగుతుంది. 5.25 దాటిందంటే మెమరీ చిప్పులు కాలిపోతాయి. నా సలహా ఒకటే, పాతది జ్ఞాపకంగా దాచుకుని కొత్తది కొనండి.

## 5. బోర్డుకు మొదటిసారి కరెంటు

ముందు కరెంటు లేకుండానే ఒక పరీక్ష. స్పెక్ట్రమ్ బోర్డు మీద పెద్ద అల్యూమినియం రేకుకు బిగించిన మూడు కాళ్ల భాగం 7805 రెగ్యులేటర్. అక్షరాలు మీకు ఎదురుగా ఉంటే ఎడమ కాలు లోపలికి వచ్చే కరెంటు, మధ్యది గ్రౌండు, కుడిది 5 వోల్టులు. మధ్య కాలుకీ కుడి కాలుకీ మధ్య కంటిన్యూటీ చూడండి. బీప్ వస్తూనే ఉంటే షార్ట్, ఆగిపోండి.

బీప్ రాకపోతే, కీబోర్డు పెట్టకుండా, టీవీ కలపకుండా కరెంటు ఇవ్వండి. స్పెక్ట్రమ్‌కి స్విచ్ లేదు, లైటూ లేదు. కాబట్టి పిన్ను ముందు మెషీన్‌కి పెట్టి, తర్వాత గోడ దగ్గర స్విచ్ వేయాలి. ఎప్పటికీ ఇదే అలవాటు ఉంచుకోండి.

ఒక నిమిషం లోపే ఇవి చూసేయాలి:

- 7805 కుడి కాలు మీద 4.75 నుంచి 5.25 మధ్య.
- దిగువ మెమరీ, అంటే 4116 అని రాసి ఉన్న ఎనిమిది చిప్పుల వరుస. ఏదో ఒకదాని మీద, 16వ కాలు గ్రౌండుగా పెట్టుకుని: 1వ కాలు మైనస్ 5, 8వ కాలు ప్లస్ 12, 9వ కాలు ప్లస్ 5.

ఈ మూడు వోల్టేజీలే స్పెక్ట్రమ్‌కి ప్రాణం. మైనస్ 5 రాకుండా 12 వస్తే వెంటనే ఆపేయండి, అలా నడిస్తే ఆ చిప్పులు చచ్చిపోతాయి. దాదాపు ఎప్పుడూ అనుమానం చిన్న కాయిల్ దగ్గరున్న టీఆర్4 ట్రాన్సిస్టర్ మీదే. దాన్ని మార్చేటప్పుడు పక్కనున్న టీఆర్5 కూడా మార్చండి.

టీఆర్4 మార్చినా మళ్లీ పోతుంటే తప్పు దానిది కాదు. ఎనిమిదింటిలో ఏదో మెమరీ చిప్పు షార్ట్ అయి దాన్ని కూడా తీసుకుపోతోంది. పది సెకన్లు నడిపి, ఆపి, చిప్పుల మీద వేలు ఆనించి చూడండి. అన్నీ గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం చురుక్కుమంటే అదే.

చిప్పు మార్చేటప్పుడు పాతది కాపాడాలని చూడకండి. కాళ్లు కట్టర్‌తో కత్తిరించి, ఒక్కో కాలూ విడిగా తీయండి. చిప్పు మళ్లీ కొనుక్కోవచ్చు, బోర్డు మీది రాగి గీత లేచిపోతే కష్టం. కొత్తది నేరుగా అతికించకుండా సాకెట్ వెయ్యండి.

## 6. బొమ్మ టీవీ మీదికి

మెషీన్ మామూలుగా యూహెచ్ఎఫ్ 36వ ఛానల్ మీద పంపిస్తుంది. ఇంట్లో పాత గాజు టీవీ ఉంటే యాంటెన్నా వైరుతో కలిపి అక్కడ వెతకండి. ఆ టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి, ఈ మెషీన్ బొమ్మ దాని మీద ఉన్నంత అందంగా ఇంకెక్కడా ఉండదు.

ఎల్ఈడీ టీవీ అయితే ఏవీ సాకెట్‌కి మార్చుకోవాలి. వెనక రేకు డబ్బాలోకి బోర్డు నుంచి రెండు తీగలు వెళ్తాయి, ఒకటి 5 వోల్టులు, రెండోది వీడియో. రెండూ బోర్డు వైపు విప్పి, వీడియో వచ్చే చోటు నుంచి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా (ప్లస్ వైపు బోర్డుకి) సాకెట్ మధ్య పిన్నుకు కలపండి. డబ్బాలో సాకెట్‌కి వెళ్లే పాత రెసిస్టర్‌ని కోయకుండా లేపి పక్కకు పెట్టండి. తర్వాత ఎవరైనా అసలు రూపానికి తేవాలంటే వీలుండాలి.

సరిగ్గా ఉంటే తెర తెల్లగా అయి, అడుగున సింక్లెయిర్ రిసెర్చ్ పేరు, 1982 సంవత్సరం ఉన్న ఒక్క లైను వస్తుంది. నిలువు చారలు, గళ్లు నిండిపోయి ఆగితే దిగువ మెమరీ వైపు చూడండి. బీబీసీ మైక్రో అయితే చెవితోనే తెలుస్తుంది: రెండు స్వరాల్లో "బూ... బీప్" అంటే లేచింది. ఒకే స్వరం ఆగకుండా మోగుతుంటే కరెంటు తీసి, సాకెట్ చిప్పులన్నీ మళ్లీ అదిమి చూడండి.

## 7. కీబోర్డు

రిబ్బన్లు విరిగి ఉంటే అంటించే ప్రయత్నాలు ఎక్కువ రోజులు నిలవవు. విరిగిన చోటు చివరి అర అంగుళంలోనే ఉంటే, చివర సూటిగా కత్తిరించి మళ్లీ దూర్చవచ్చు, అదీ ఒక్కసారే. ఈ రిబ్బన్లతో కలిసి ఉండే స్పెక్ట్రమ్ కీబోర్డు పొరలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. అది కొనడమే మేలు.

ఒకే వరుసలో అయిదు కీలు పని చేయకపోతే పొర మీద ఒక గీత తెగిందని అర్థం, కీలు శుభ్రం చేస్తూ కూర్చోకండి.

## 8. మొదటి ప్రోగ్రామ్, మెమరీ పరీక్ష

మూత బిగించకుండానే ఈ పని చేయండి. స్పెక్ట్రమ్‌లో మాటలు అక్షరం అక్షరం కొట్టనక్కర్లేదన్నది చాలామంది మరిచిపోయారు. లైను మొదట్లో పి నొక్కితే ప్రింట్ అని మొత్తం మాటా వస్తుంది. జి నొక్కితే గోటూ, ఆర్ నొక్కితే రన్.

10 నంబరు లైనులో ప్రింట్, తర్వాత కొటేషన్లలో మీ ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో. 20 నంబరు లైనులో గోటూ 10. రన్. తెర నిండా ఊరి పేరు పరుచుకుని, కింద "స్క్రోల్?" అని అడుగుతుంది. చిన్నప్పుడు నేర్చుకున్నది ఆ క్షణంలో వేళ్లకి ఎలా గుర్తొస్తుందో మీరే చూస్తారు. ఇంట్లో పిల్లలుంటే పిలిచి, రెండో లైను వాళ్లచేతే కొట్టించండి.

ఇప్పుడు మెమరీ. ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని కొట్టండి. పీక్ (మెమరీలో ఉన్న అంకె చదివే మాట) రావాలంటే క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ కలిపి నొక్కి వదిలి, ఓ నొక్కాలి. ప్లస్ గుర్తు సింబల్ షిఫ్ట్‌తో కె, ఇంటూ గుర్తు సింబల్ షిఫ్ట్‌తో బి.

- 65535 వస్తే 48కె మెమరీ మొత్తం ఉంది.
- 32767 వస్తే మీది 16కె మెషీన్, లేదా 48కె అయ్యుండి పై మెమరీ పని చేయడం లేదు. మొదటి బోర్డుల్లో ఆ పై మెమరీకి సగమే పనిచేసే 64కె చిప్పులు వాడారు, కాబట్టి మార్చేటప్పుడు పాత నంబరు చూసుకుని కొనండి.

తర్వాత ఒక గంట అలా వదిలేయండి. మధ్యమధ్యలో చెయ్యి ఆనించి వేడి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో యూఎల్ఏ అనే పెద్ద చిప్పు మీద చిన్న హీట్‌సింక్ (వేడి లాగే రేకు) అతికించడం మంచిది.

## 9. క్యాసెట్లు, ఫోను

పాత క్యాసెట్‌ని ముందే టేప్‌రికార్డర్‌లో పెట్టకండి. కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే, ఆ ఒక్కటే టేప్‌రికార్డర్ హెడ్ పాడుచేసి మిగతా క్యాసెట్లకీ అంటిస్తుంది. శుభ్రంగా ఉన్నవి పెన్సిల్‌తో కొంచెం తిప్పి, కదులుతోందో లేదో చూసి, ఒకసారి చివరిదాకా, మళ్లీ వెనక్కి తిప్పాక వినండి. హెడ్ ఐపీఏతో తుడవండి.

శబ్దం మూగగా వస్తే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ, కీచు శబ్దం బాగా పదునుగా వచ్చే చోట ఆపండి. తర్వాత మొదటి పని ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లో 44100 హెర్ట్జ్ వేవ్ ఫైలుగా దాచుకోవడం. మీరు పదో తరగతిలో రాసిన ప్రోగ్రామ్ కాపీ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. ఆటలు మళ్లీ ఎక్కడైనా దొరుకుతాయి.

ఫోను నుంచి లోడ్ చేయాలంటే ఫోను హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి వైరు. జె నొక్కితే లోడ్ వస్తుంది, సింబల్ షిఫ్ట్‌తో పి రెండుసార్లు, ఎంటర్. ఫోనులో ప్లే. అంచున ఎరుపు, లేత నీలం చారలు నిలకడగా వచ్చి, తర్వాత నీలం, పసుపు చారలు పరుగెడితే లోడవుతోంది. పెద్ద ఆటకి అయిదు నిమిషాలు పడుతుంది.

టేప్ లోడింగ్ ఎర్రర్ అని వస్తే వరుసగా ఇవి చూడండి:

- ఫోను వాల్యూమ్ పూర్తిగా పెంచి, కొంచెం కొంచెం తగ్గిస్తూ ప్రయత్నించండి.
- ఈక్వలైజర్, డాల్బీ వంటివన్నీ ఆపండి.
- ఫ్లైట్ మోడ్ పెట్టండి. నాలుగో నిమిషంలో వాట్సాప్ టింగుమంటే మొత్తం పోయినట్టే.
- మైక్ సాకెట్‌లో వైరు ఉంటే పీకండి.
- స్టీరియో వైరుతో రాకపోతే మోనో వైరు వాడండి.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు

కరెంటు ఉండగా వెనక జాయ్‌స్టిక్ పెట్టడం. వెనక పళ్లలో అది కాస్త వంకరగా దూరినా వోల్టేజీలు ఒకదానికొకటి తగులుతాయి. స్విచ్ ఆపాకే ఏదైనా పెట్టాలి, ఏదైనా తీయాలి.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ని తెల్లగా చేయాలని మొదలుపెట్టడం. బీబీసీ మైక్రో, కమొడోర్ వాళ్లకి ఈ ఆశ ఎక్కువ. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, కానీ మన ఎండకి మచ్చలు మచ్చలుగా అవుతుంది, అక్షరాలూ పోవచ్చు. మెషీన్ పనిచేయడం మొదలయ్యాక, అప్పటికీ చేయాలనిపిస్తే చూడండి. నాకైతే ఆ పసుపే ఇష్టం.

అన్ని కెపాసిటర్లూ ఒకేసారి మార్చడం. తర్వాత పని చేయకపోతే తప్పు పాతదా, మీరు చేసిందా తెలియదు. ఒకటి మార్చండి, పరీక్షించండి.

భాగాలు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవడం. ఈలోగా ల్యాప్‌టాప్‌లో ఫ్యూజ్ ఎమ్యులేటర్ (స్పెక్ట్రమ్‌లా నడిచే ప్రోగ్రామ్) వేసుకుని బేసిక్ భాష గుర్తు చేసుకోండి. కీల స్థానాలు కూడా అక్కడే అలవాటవుతాయి.

## 11. వానాకాలం ముందు

మళ్లీ అటక ఎక్కించకండి. రేకుల కప్పు కింద వేసవి వేడి, వానల్లో చెమ్మ, రెండూ శత్రువులే. గది మధ్య గోడకున్న బీరువా అరలో, పాత కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. పాలిథిన్ కవర్లో గట్టిగా మూటకట్టితే లోపల చెమ్మ నిలిచిపోతుంది. సిలికా జెల్ పొట్లాలు నెలకోసారి ఎండబెట్టి మళ్లీ పెట్టాలి.

క్యాసెట్లు నిలువుగా, స్పీకర్లకి దూరంగా. అడాప్టర్ మెషీన్ పక్కనే ఒకే పెట్టెలో ఉండాలి, వేరుచేస్తే ఎవరో ఒకరు వేరేది పెడతారు.

వానలు పడే నెలల్లో రెండు వారాలకోసారి అరగంట నడపండి. పిడుగులు పడే రోజు ప్లగ్గూ తీయాలి, టీవీ యాంటెన్నా వైరూ తీయాలి. కరెంటు పోయి వచ్చే వేళల్లో నడుపుతుంటే, పోయిన వెంటనే గోడ స్విచ్ ఆపేసి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి వేయండి.